తునికాకు పిట్ట

ఆర్మూర్ వెళ్లొచ్చానని చెబితే మా విజయవాడలో చాలామంది "అక్కడ చూడ్డానికి ఏముంటుందండీ?" అని అడిగారు. గుట్ట ఉంది. ఎవరో తీరిగ్గా కూర్చుని పేర్చినట్టు నల్లటి బండరాళ్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. లారీల కొద్దీ పసుపు ఉంది. కానీ నేను వెళ్లింది వాటి కోసం కాదు. బీడీ ఆకు కత్తిరించగా మిగిలే ముక్కల కోసం వెళ్లాను. ఈ మాట చెప్పడానికి మొహమాటపడి అందరికీ గుట్ట పేరే చెప్పాను.

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఇరవై ఏళ్లుగా అదే పని. మొన్న చలికాలంలో పిట్టల పుస్తకం ఒకటి ఒప్పుకుని పన్నెండు బొమ్మలు వేసి పంపితే ఎడిటర్ వెనక్కి పంపింది. "అన్నీ బాగున్నాయి వాణిగారూ. కానీ ఒక్క పిట్టా నా వైపు చూడటం లేదు" అంది. మళ్లీ వేశాను, మళ్లీ వెనక్కి వచ్చాయి. మూడోసారి ఆమె చాలా మర్యాదగా, ఎండాకాలం లోపు కుదరకపోతే ఇంకెవరికైనా ఇస్తామని చెప్పింది. నాకు కోపం వచ్చింది. కోపం తగ్గాక బొమ్మలన్నీ గోడకి ఆనించి చూశాను. ఆమె చెప్పింది నిజమే. చెయ్యి బాగానే తిరుగుతోంది, లోపలే ఏమీ లేదు. నలభై ఆరేళ్ల వయసులో ఈ సంగతి తెలియడం చాలా భయంగా ఉంటుంది.

మా నాన్న బ్యాంకు ఉద్యోగి. నాకు ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా మేం ఆర్మూర్‌లో ఉన్నాం. ఒకే వాకిట్లో రెండు వాటాలు. అవతలి వాటాలో బీడీలు చేసే రాజవ్వ, ఆమె కూతురు గంగామణి ఉండేవారు. గంగామణిది నా ఈడే. రాజవ్వ ఒళ్లో చాట పెట్టుకుని, తడిపిన తునికాకు మీద ఇనుప రేకు ముక్కని కొలతగా ఆనించి కత్తిరిస్తే చుట్టూ ముక్కలు రాలేవి. ఆ ముక్కలే మాకు ఆటబొమ్మలు. వాటితో నేను పిట్టల్ని కోసేదాన్ని. నా ప్రతి పుస్తకం చివరా ఈ సంగతి అచ్చయి ఉంటుంది. ఏ బడికి పిలిచినా పిల్లలకి ఇదే చెబుతాను. నా చెయ్యి మొదట ఎక్కడ తిరిగిందో అక్కడికే ఒకసారి వెళ్లొస్తే పోయింది దొరుకుతుందేమో అనిపించింది.

బస్సులో లింబవ్వ

హైదరాబాద్‌లో ఎక్కిన బస్సులో నా పక్క సీటు వేల్పూర్ లింబవ్వది. అరవై దాటిన మనిషి. మోకాలు చూపించుకుని పట్నం దవాఖాన నుంచి తిరిగి వెళుతోంది. మా వైపు పరిచయం లేనివాళ్లని 'మీరు' అనకపోతే తప్పు పడతారు. లింబవ్వ మొదటి మాటకే 'నువ్వు' అంది. రెండు నిమిషాలు ఇబ్బంది పడ్డాను గానీ, ఆ తర్వాత ఆ పిలుపు హాయిగానే ఉంది.

"యాడికి బిడ్డా?"

"ఆర్మూరు."

"ఎవలింటికి?"

"ఎవరింటికీ కాదండీ."

"ఎవలింటికి కాకపోతే గంత దూరం ఎందుకొస్తున్నవు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె ఇంక అడగలేదు. సంచిలోంచి డబ్బా తీసి మక్కగుడాలు, అంటే ఉడికించిన మొక్కజొన్న గింజలు, పెట్టబోయింది. నేను అలవాటుగా ఎడమ చెయ్యి చాపాను. నాది పుట్టు ఎడమ వాటం. లింబవ్వ చటుక్కున డబ్బా వెనక్కి తీసుకుంది.

"కుడిచెయ్యి పట్టు. గింత సదువుకున్నవు, గది చెప్పలే మీ అమ్మ?"

చెప్పింది, చాలాసార్లు, స్కేలుతో కూడా. కుడిచెయ్యి పట్టాను. ఉప్పూ కారమూ పట్టిన గుడాలు కామారెడ్డి దాకా నములుతూనే ఉన్నాను. దిగేముందు ఆమె, "పొద్దుగాల మా కల్లం కాడికి రా. పసుపు ఎట్లుంటదో సూద్దువు" అని పిలిచింది. రాకపోతే మళ్లీ తిట్టేలా ఉందని సరేనన్నాను.

వేల్పూర్ కల్లం

మా వైపు దుగ్గిరాలలోనూ పసుపు యార్డు ఉంది. కాబట్టి పసుపు నాకు కొత్త కాదని అనుకుంటూ వెళ్లాను. కానీ నేను చూసిందంతా బస్తాల్లో ఉన్న పసుపే. ఇక్కడ ఉడికించిన కొమ్ముల్ని ఎకరమంత నేల మీద ఎండబోశారు. ఆవిరి వాసన, మట్టి వాసన కలిసి గొంతులో దిగుతున్నాయి. లింబవ్వ మోకాలి పట్టీతోనే కల్లమంతా తిరుగుతోంది. గుప్పెడు కొమ్ములు తీసి నా చెవి దగ్గర ఆడించింది. గులకరాళ్లలా మోగాయి.

"మోగినయా? ఎండినట్టు. మోగకుంటే ఇంకా లోపల నీళ్లున్నట్టు. పైకి సూత్తె తెల్వదు."

ఒక కొమ్ము విరిచి చూపించింది. లోపల ముదురు నారింజ రంగు. ఇంతటి రంగు ముందు కూర్చుని కూడా ఏమీ గీయలేకపోతే ఇంక ఎక్కడా గీయలేనని అనుకుని, బస్తా మీద కూర్చుని కాగితం తీశాను. గంటసేపు గీశాను. కల్లం వచ్చింది, కుప్పలు వచ్చాయి, కొమ్ములు తిరగేసే ఆడవాళ్లు వచ్చారు. ఏ మార్కెట్ కమిటీ క్యాలెండర్‌కైనా పనికొచ్చే బొమ్మ. లింబవ్వ చూసి "మంచిగున్నది" అంది. మంచిగున్నది అన్న మాట వింటే ఆ రోజుల్లో నాకు ఏడుపొచ్చేది. కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

లేచి చూస్తే తెల్ల చుడీదార్ వెనకంతా పసుపు. లాడ్జిలో సబ్బు పెట్టి గట్టిగా రుద్దాను. పసుపు మరక కాస్తా ఎర్రబడి నెత్తుటి మరకలా తయారైంది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ప్రతి పెళ్లిలోనూ చూసినదాన్నే, ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు.

ఆర్మూర్, పాత గల్లీ

సాయంత్రం మా పాత ఇంటి కోసం వెళ్లాను. గుట్టకేసి చూస్తూ నడిస్తే గల్లీ దానంతటదే దొరికింది. వాకిలి మాత్రం లేదు. మూడంతస్తుల భవనం, కింద సెల్‌ఫోన్ల షాపు. అక్కడ నిలబడితే ఏదో ఒకటి కదులుతుందని ఊహించుకుంటూ వచ్చాను. ఏమీ కదల్లేదు, ఆటోవాడు హారన్ కొడితే పక్కకి జరిగాను.

ఎదురింటి గడపలో ఒకామె బీడీలు చేస్తోంది. పేరు నర్సవ్వ. తల ఎత్తి నన్ను చూసింది గానీ చేతులు ఆగలేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం వేసే పని అంతా ఆ చేతులే చూసుకుంటున్నాయి. రాజవ్వ గురించి అడిగాను.

"రాజవ్వ సచ్చిపోయి మస్తు ఏండ్లాయె. నువ్వెవలు?"

"వాళ్ల పక్క వాటాలో ఉండేవాళ్లం. బ్యాంకులో..."

"బ్యాంకు సారు బిడ్డవా! గంగామణిని కమ్మర్‌పల్లిల ఇచ్చిండ్రు. ఆమె పెనిమిటి దుబాయ్‌ల ఉంటడు. గామె కత్తెర పడితే సూడాలె. అట్ల కోసేటోళ్లను నేనియ్యాల్టిదాక సూడలే."

ఆ చివరి మాట నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. నర్సవ్వని అడిగి చాట పక్కన రాలిన ముక్కలు గుప్పెడు తీసుకున్నాను. ఎందుకని అడిగితే ఆడుకోవడానికన్నాను. ఆమె నా తెల్ల జుట్టు కేసి చూసి, ఏమనుకుందో ఏమో, ఇంకో గుప్పెడు వేసింది.

లాడ్జికి వచ్చి నా కత్తెర తీశాను. ఎడమచేతి వాళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన కత్తెర అది, బొమ్మల పని మొదలుపెట్టిన కొత్తలో కొనుక్కున్నది. ముక్క తర్వాత ముక్క కోశాను. పిచ్చుక వచ్చింది, కొంగ వచ్చింది, చిలక వచ్చింది. అన్నీ ముక్కూ తోకా సరిగ్గా ఉన్న పిట్టలే. ఒక్కటీ నా వైపు చూడలేదు. ఎడిటర్ మాట చెవిలో వినిపించింది. అన్నం తినబుద్ధి కాలేదు.

కమ్మర్‌పల్లి

మర్నాడు ఉత్త చేతులతో వెళ్లకూడదని ఆటోలో అంకాపూర్ పోయి నాటుకోడి కూర తీసుకున్నాను. అక్కడ ప్లేటు లెక్కన ఇవ్వరు, కోడి లెక్కనే. ఎనిమిది వందలు పెడితే ఒక కోడి మొత్తం మసాలాతో వండి డబ్బాలో పోసి ఇచ్చారు. వేడి డబ్బా ఒళ్లో పెట్టుకుని కమ్మర్‌పల్లి బస్సెక్కాను. దారి పొడవునా వాసనకి అందరూ నావైపే చూశారు.

గంగామణి రేకుల ఇంటి ముందు పందిరి కింద కూర్చుని ఉంది. బక్కగా, నాకంటే పెద్దదానిలా కనిపించింది. ఒళ్లో చాట. నేను పేరు చెప్పేలోపే ఆమె నా ఎడమచేతిలోని డబ్బా చూసి, మొహం చూసి, లేచి నిలబడింది.

"వాణీ! నువ్వేనానే? గిట్లయినవేందే!"

ఆమె నా చెంపలు రెండు చేతులా పట్టుకుంది. ఆ వేళ్లకి తంబాకు వాసన. ముప్పై ఏడేళ్ల తర్వాత కూడా ఆ వాసన నాకు తెలుసు. ఏడ్చాను, ఆమె కూడా ఏడ్చింది.

డబ్బా మూత తీసి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"శనివారం గదనే. మేం తినం."

కోడి పక్కింటికి వెళ్లింది. మేం పచ్చిపులుసు, పప్పు, అన్నం తిన్నాం. నా ఎర్ర మరక సంగతి చెబితే "సబ్బెందుకు పెట్టినవ్? ఎండల ఆరేత్తె అదే పోతది" అంది. తిన్నాక ఆమె చాట ముందుకు వెళ్లింది, నేను పక్కన గోడకి ఆనుకున్నాను. ఆమె చేతిలోది రాజవ్వ కత్తెరే. పిడికి చుట్టిన గుడ్డ మాత్రం కొత్తది. రేకు ఆనించి ఆకు కోస్తుంటే ముక్కలు పడుతున్నాయి. వచ్చిన పని ఇదే కనుక అసలు సంగతి ఎత్తాను.

"గంగా, నీకు గుర్తుందా? ఈ ముక్కలతో నేను పిట్టల్ని కోసేదాన్ని."

కత్తెర ఆగింది.

"నువ్వా?"

"నేనే. ఎన్ని కోశానో. కొంగలు, పిచ్చుకలు..."

"నువ్వెట్ల కోస్తవే? నీకు మా కత్తెర పట్టుడే రాకుండె. నీది ఎడమ చెయ్యి గద."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. కాదు, నేనే కోసేదాన్ని, నాకు బాగా గుర్తుంది అన్నాను. గొంతు కొంచెం పెరిగింది కూడా. గంగామణి వాదించలేదు. కత్తెర నా చేతిలో పెట్టి ఒక ముక్క అందించింది.

ఎడమచేత్తో పట్టుకుని కోయబోయాను. ఆకు తెగలేదు. కత్తెర రెండు అంచుల మధ్య మడతపడి నలిగింది. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ నలిగింది. కుడిచేత్తో పట్టుకుంటే ఆకు అడ్డదిడ్డంగా చిరిగింది. నలభై ఆరేళ్ల చేతికే లొంగని కత్తెర ఏడేళ్ల చేతికి ఎలా లొంగుతుంది?

"మరి ఎవరు కోశారు?"

"నేనేనే. అమ్మ పక్కకు పోంగనే కత్తెర గుంజుకుని కోసేటిదాన్ని. నువ్వు బొక్కలు దేవులాడేటిదానివి. మర్సిపోయినవా?"

"బొక్కలా?"

ఆమె ముక్కల్లో చెయ్యి పెట్టి కెలికి ఒకటి తీసింది. మధ్యలో ఆవగింజంత రంధ్రం, పురుగు తిన్నది. బీడీకి పనికిరాదని అలాంటి చోటును వదిలేసి కత్తిరిస్తారు.

"గిసొంటిది దొర్కితే సాలు, 'కన్ను దొరికిందే గంగా' అని వాకిలంత వినపడేటట్టు ఒర్రేదానివి. నేను గా కన్ను సుట్టు పిట్టను కోసేటిదాన్ని. ఏ పిట్ట కోయాల్నో గూడ నువ్వే చెప్పేదానివి. ఇది కోపంగ సూత్తంది, కాకి. ఇది బయపడ్డది, పిచ్చుక. అట్ల."

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారిగా కాదు. ముందు నా పొట్టకి తగులుతున్న వెచ్చటి గచ్చు. వాకిట్లో బోర్లా పడుకుని, ఆకు ముక్కల్ని ఒక్కొక్కటే ఎండకేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూసేదాన్ని. రంధ్రంలోంచి వెలుగు చుక్క నా కంట్లో పడేది. ఆ వెలుగే నాకు ప్రాణం. కత్తెర చప్పుడు మాత్రం పక్కనుంచి వచ్చేది. నా చేతిలో కత్తెర ఎప్పుడూ లేదు.

ఇన్నేళ్లూ నేను చెప్పింది అబద్ధం. కావాలని ఆడింది కాదు, కానీ అబద్ధమే. ఎన్ని బడుల్లో, ఎంతమంది పిల్లల ముందు చెప్పానో తలుచుకుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. దాచి లాభం లేదని సంచిలోంచి నా పుస్తకం ఒకటి తీసి చివరి పేజీ చదివి వినిపించాను. 'ఏడేళ్ల వయసులో బీడీ ఆకు ముక్కలతో పిట్టల్ని కోసేదాన్ని. నా బొమ్మలన్నీ అక్కడే పుట్టాయి.'

గంగామణి విన్నది. పుస్తకం తీసుకుని ఆ పేజీ మీద వేలు పెట్టింది. నాలుగో తరగతి దాకా చదివిన మనిషి, కూడబలుక్కుంటూ ఒకసారి తనే చదువుకుంది.

"నేను నాలుగుల బడి బంజేసిన. అమ్మకు చేతులు గుంజుతుండె, నన్ను చాట ముందట కూసోవెట్టింది. గప్పటిసంది పిట్ట కోయలే. ఎవలన్న అడిగితే గద కోసేది." పుస్తకం మూసి నాకిచ్చింది. "నువ్వు గంత గట్టిగ అంటుంటె, నేనే కోసిన్నా అని నాకు గూడ జర డౌటయింది. ఇయ్యాల నీ చెయ్యి సూత్తె పక్కా అయింది."

"నన్ను తిట్టు గంగా."

"తిట్టి ఏం జేస్తనే? గా పేజీ మార్చు."

మారుస్తానన్నాను. ఆమె తలూపి మళ్లీ ఆకు అందుకుంది. రేకు తీసుకుంది. తర్వాత ఏమనుకుందో రేకు పక్కన పెట్టేసింది. తడిగుడ్డలో చుట్టి ఉన్న ఆకుల్లోంచి వెతికి అరచేతి కంటే పెద్దది, మచ్చ లేని మంచి ఆకు ఒకటి తీసింది.

నాకు భయమేసింది. ఆకు కార్ఖానా నుంచి తూకానికి వస్తుంది. ఇంత ఆకుకి ఇన్ని బీడీలు రావాల్సిందే. చిన్నప్పుడు మంచి ఆకు ముట్టుకుంటే రాజవ్వ వేళ్ల మీద కొట్టేది. ముక్కలు తప్ప మాకు వేరే ఆకు తెలియదు.

"అయ్యో, అది మంచి ఆకే!"

"మంచి ఆకుతోని ఒక్కటన్న కోయాలని నాకు చిన్నప్పటిసంది ఉండె" అంది గంగామణి, ఆకు మీంచి చూపు తిప్పకుండా. "ముక్కలల్ల రెక్క ఎప్పుడు పొట్టిగనే వచ్చేది."

కోసింది. మొదట చెయ్యి తడబడి ఆకు అంచున ఒక గాటు పడింది. ఆ గాటునే ముక్కు చేసింది. తర్వాత కత్తెర ఆగలేదు, ఆకు తిరుగుతూ పోయింది. ఒక రెక్క పూర్తిగా చాచి ఉంది, రెండోది సగం మడిచి ఉంది. ఎగరబోతోందో, వాలబోతోందో తెలియని పిట్ట. నా ఇరవై ఏళ్ల పనిలో అలాంటి రెక్క ఒక్కటి కూడా లేదు. ఇది ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు కష్టంగా లేదు.

పిట్టని అరచేతిలో పెట్టుకుని గంగామణి నా వైపు చూసింది.

"మంచి ఆకుకు బొక్క ఉండదు గదనే. కన్నెట్ల?"

నేను సంచిలోని బొమ్మల సామానులోంచి వృత్తలేఖిని తీశాను. దాని ముల్లుతో ఎక్కడ గుచ్చాలో తెలియక ఆకుని ఎండకేసి ఎత్తి ఒక కన్ను మూసుకున్నాను. చాలాసేపు అలాగే చూశాను. గంగామణి తొందరపెట్టలేదు. మెడ తిరిగిన తీరు చూస్తే అది కింద ఎవరినో వెతుకుతోందని అర్థమైంది. అప్పుడు గుచ్చాను. వెలుగు చుక్క వచ్చి నా కంట్లో పడింది.

"బయపడ్డదా?" అని అడిగింది.

"లేదు. ఎవరికోసమో చూస్తోంది."

విజయవాడ

ఇంటికి వచ్చి వారం పాటు చుడీదార్ ఎండలో వేస్తే మరక నిజంగానే పోయింది. ఆకుపిట్ట ఎండి రెక్క కొంచెం ముడుచుకుంది. ఆర్మూర్‌లో చూడ్డానికి ఏముందని అడిగినవాళ్లకి ఇప్పుడు దాన్నే చూపిస్తున్నాను.

ఇన్నేళ్లూ నేను ముందు పిట్టని గీసి, చివర తీరిగ్గా కన్ను పెట్టేదాన్ని. ఇప్పుడు ఖాళీ కాగితం మీద ముందు ఒక చుక్క పెట్టి, అది ఎవరిని చూస్తోందో తెలిసేదాకా కూర్చుంటున్నాను. తెలిశాక, అది ఏ పిట్టో చెప్పి, ఆ చుక్కలున్న కాగితాలు కమ్మర్‌పల్లికి పంపుతున్నాను. గంగామణి బీడీల పని అయ్యాక వాటి చుట్టూ కోసి పంపుతోంది, నేను రంగులు వేస్తున్నాను. అట్ట మీద ఇద్దరి పేర్లు ఉండాలని, ప్రతిఫలం చెరిసగం కావాలని పట్టుబడితే ఎడిటర్ ఒప్పుకుంది. ఇంకా నాలుగు పిట్టలు రావాలి.

చివరి పేజీ మాత్రం ముందే రాసి పంపేశాను. అచ్చుకి ఇచ్చేముందు ఫోన్లో గంగామణికి చదివి వినిపించాను. రెండు వాక్యాలే కనుక రెండుసార్లు చదివించుకుంది.

'ఈ పిట్టల్ని కోసింది గంగామణి. కన్నులు వెతికింది నేను.'